తడిగుడ్డ అక్కర్లేని మట్టి

వడియాలు పెట్టిన రోజున మనం మాటిమాటికీ ఆకాశంకేసి చూస్తాం, మబ్బు పట్టకూడదు తండ్రీ అని. అదే అప్పడాలు ఒత్తే రోజైతే ఆ ఎండా, ఆ గాలీ మనకు శత్రువులే. పిండి ఆరిపోతుందేమోనని దంచేటప్పుడే నూనె వేస్తాం. ఉండలు చేసి నూనెలో ముంచి, మీద గుడ్డ కప్పి, అటు వచ్చిన పిల్లల్ని "గుడ్డ తియ్యకండర్రా" అని కేకలేస్తాం. రెండూ మినప్పిండే. ఒకటి ఎండితేనే బాగు. ఇంకొకటి ఎండితే పాడు. ఈ సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈవేళ నేను మీతో ముచ్చటించబోయే చరిత్రంతా ఈ చిన్న సంగతి చుట్టూనే తిరుగుతుంది. పిల్లలు బడికి తీసుకెళ్ళే రంగురంగుల మైనపు మట్టి ఉంది చూశారూ, ఎన్నాళ్ళున్నా ఎండని మట్టి, దాని కథ ఇది.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పెద్దవాడు మూడో తరగతి చదువుతున్న రోజులు. వినాయకచవితికి నాలుగు రోజుల ముందు, కుమ్మరి ఇంటినుంచి బంకమట్టి అడిగి తెచ్చుకుని తనే బొమ్మ చేస్తానని కూచున్నాడు. బొజ్జా, చెవులూ, తొండమూ బాగానే కుదిరాయి. ఇంకా చేతులు పెట్టాలి, ఎలకని చెయ్యాలి. బడికి వేళయింది. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, మధ్యాహ్నం ఒకసారి గుడ్డ తడిపి కప్పు, మర్చిపోకేం" అని నాలుగుసార్లు చెప్పి వెళ్ళాడు. ఆవేళ ఊరినుంచి మా ఆడపడుచూ వాళ్ళూ వచ్చారు. వంటా, వడ్డనా, మాటా మంచీ అయ్యేసరికి నాలుగు కొట్టింది. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి గుడ్డ తీశాడు. తొండం ఊడి ఒళ్ళో పడి ఉంది. బొజ్జ మీద అడ్డంగా పెద్ద బీట. వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. "నీకు బోలెడు పని ఉందిగా అమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పుడే నాకు అనిపించింది, మట్టి ఎందుకిలా చేస్తుందీ అని. మట్టితో బొమ్మలు చేసి బతికేవాళ్ళు ఈ బాధ ఎలా పడుతున్నారూ అని కూడా. చదవగా చదవగా తెలిసిన సంగతులే ఈ నాలుగు మాటలూ.

బంకమట్టిని కంటికి కనపడనంత సన్నటి రేకుల దొంతర అనుకోండి. రేకుకీ రేకుకీ మధ్య నీటి పొర ఉంటుంది. ఆ నీటి వల్లనే ఒక రేకు ఇంకో రేకు మీద జారుతుంది. అందుకే మనం నొక్కినట్టల్లా మట్టి వంగుతుంది. గాలికి ఆ నీరు ఆవిరైపోతే రేకులు దగ్గరికి జరుగుతాయి. అంటే బొమ్మ కుంచించుకుపోతుందన్నమాట. అంతా ఒక్కసారే కుంచించుకుపోతే చిక్కు లేదు. పల్చగా ఉన్న తొండం ముందు ఆరుతుంది, లావుగా ఉన్న బొజ్జ తరవాత ఆరుతుంది. ఈ రెండింటి పెనుగులాటలో మట్టి బీటలిస్తుంది. పోనీ అని నీళ్ళు ఎక్కువ పోస్తామా, బొమ్మ తన బరువుకి తానే జారి కూలబడుతుంది. కుండకైతే ఈ ఎండడమే కావాలి. ఆరబెట్టి, ఆవంలో కాలిస్తే గట్టిపడుతుంది. కాని నెలల తరబడి ఒకే బొమ్మ మీద పనిచేసే శిల్పికి, పని పూర్తయ్యేదాకా మట్టి పచ్చిగా ఉండాలి. అందుకని వందల ఏళ్ళుగా శిల్పులకు తెలిసిన ఉపాయం ఒక్కటే. తడిగుడ్డ.

ఆ తడిగుడ్డ ఎవరు తడిపారూ అన్నది మనలాంటివాళ్ళు అడగాల్సిన ప్రశ్న.

ఆగస్ట్ రోడిన్ పేరు మీరు వినే ఉంటారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచనలో పడ్డ మనిషి బొమ్మ ఫొటోలలోనైనా చూసి ఉంటారు. ఆ బొమ్మ చేసిన ఫ్రెంచి శిల్పి ఆయన. 1840లో పారిస్‌లో బీద ఇంట పుట్టాడు. తొలిరోజుల్లో ఆయన పనిచేసిన చోటు గుర్రాలశాల. వెచ్చదనానికి పొయ్యి కూడా లేదు. 1863-64లో అక్కడే ఒక ముసలి కూలివాడిని కూచోబెట్టుకుని అతని తల మట్టితో చేశాడు. ముక్కు విరిగి అణిగిపోయిన మొహం అది. ఆ చలికాలంలో మట్టిలోని నీరు గడ్డకట్టి, తల వెనకభాగం పగిలి ఊడిపడింది. ముందుభాగం మొహం మాత్రం మిగిలింది. మిగిలినదాన్నే ముఖంలా చేసి 1865లో పెద్ద ప్రదర్శనకు పంపితే వాళ్ళు తిప్పికొట్టారు. పదేళ్ళ తరవాత, 1875లో, అదే మొహాన్ని పాలరాతిలో చెక్కి పంపితే తీసుకున్నారు. చూశారా, మట్టికి వేసవి ఎండ ఒక గండమైతే, ఆ దేశాల్లో చలి ఇంకో గండం.

ఆ 1864లోనే రోడిన్‌కు రోజ్ బ్యూరే పరిచయమైంది. 1844లో పల్లెటూళ్ళో పుట్టి, పారిస్‌కు వచ్చి బట్టలు కుట్టి పొట్టపోసుకునే పిల్ల. ఆమె ఆయనకు బొమ్మలకోసం కదలకుండా నిలబడింది. ఇల్లు నడిపింది. 1866లో కొడుకుని కంది. ఇవన్నీ చేస్తూ ఇంకో పని కూడా చేసింది. ఆయన ఊళ్ళో లేనప్పుడు మట్టిబొమ్మల మీద కప్పిన గుడ్డలు ఆరిపోకుండా తడిపే పని ఆమెదే. 1871లో రోడిన్ పని వెతుక్కుంటూ బ్రస్సెల్స్ వెళ్ళాడు. పారిస్‌లో అప్పుడు యుద్ధం, ముట్టడి, తిరుగుబాటు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. జనం తిండికి కటకటలాడిపోయారు. రోజ్ మాత్రం అక్కడే ఉండిపోయి, ఆయన బొమ్మలకు కాపలా కాసింది.

కొంచెం ఊహించుకోండి. తడి ఎక్కువైతే బొమ్మ జారుతుంది, తక్కువైతే పగులుతుంది. గుడ్డ బరువుగా ఉంటే ముక్కూ చెవీ చెదురుతాయి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చూసుకోవాలి. ఒక్కరోజు మర్చిపోతే నెలల కష్టం పోతుంది. గుర్తుంచుకుంటే మాత్రం ఎవరికీ కనపడదు. ఏమీ జరగకపోవడమే ఆ పనికి ఫలితం. మన ఇంటిపనుల్లో సగం ఇలాంటివే కాదూ?

అన్ని జాగ్రత్తలు పడ్డా మట్టి నిలుస్తుందన్న నమ్మకం లేదు. రోజ్‌ని నిలబెట్టి రోడిన్ నిలువెత్తు బొమ్మ ఒకటి చేశాడు. ఎన్నో నెలలు దాని మీద కూచున్నాడు. మట్టిబొమ్మ నిలవాలంటే దానిమీద అచ్చు తీసి ప్లాస్టరు పోసుకోవాలి. అందుకు డబ్బు కావాలి. ఆయన దగ్గర లేదు. ఇంకో చోటికి సామాను మారుస్తుంటే, మోసేవాళ్ళ చేతుల్లో బొమ్మ విరిగి ముద్దయిపోయింది. ఆ నష్టాన్ని ఆయన చివరిదాకా తలుచుకునేవాడట. అన్నాళ్ళూ కదలకుండా నిలబడిన ఆమెకు ఎలా ఉండి ఉంటుందో!

రోడిన్ తరవాత గొప్పవాడయ్యాడు. ఆయన జీవితంలోకి వేరే స్త్రీలూ వచ్చారు. రోజ్ మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. యాభై మూడేళ్ళు కలిసి బతికాక, 1917 జనవరి 29న ఆయన ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. సుమారు రెండు వారాలకే, ఫిబ్రవరిలో, ఆమె పోయింది. అదే ఏడు నవంబరులో ఆయనా పోయాడు. పారిస్ దగ్గర మ్యూడన్ అనే ఊళ్ళో ఇద్దరికీ ఒకేచోట సమాధి. దానిమీద కూచుని ఉన్నది ఆ ఆలోచించే మనిషి బొమ్మే.

ఇక ఈ తడిగుడ్డ బెడద వదిలించినవాళ్ళ సంగతి. వాళ్ళు రాజులూ కారు, మహాశాస్త్రవేత్తలూ కారు. ఒకరు మందులషాపు ఆయన, ఇంకొకరు బడిపంతులు. జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఫ్రాంజ్ కోల్బ్ అనే ఔషధాల వ్యాపారి 1880లో ఎండని మట్టి ఒకటి తయారుచేశాడు. దానికి 'ప్లాస్టిలిన్' అని పేరు. మందులషాపు ఆయనకు ఆ ఆలోచన రావడంలో వింతేముంది చెప్పండి! లేపనాలు నూరడం ఆయన వృత్తి. పొడినీ కొవ్వునీ కలిపి, అటు కారకుండా ఇటు గట్టిపడకుండా ముద్ద చెయ్యడం వాళ్ళకు రోజూ ఉండే పనే.

కోల్బ్ సంగతితో పనిలేకుండా ఇంగ్లండులో ఇంకొకాయన కూడా ఈ చిక్కుతోనే కుస్తీ పట్టాడు. ఆయన పేరు విలియం హార్బట్. మన రోజ్ పుట్టిన 1844లోనే పుట్టాడు. 1874 నుంచి 1877 వరకూ బాత్ నగరంలోని చిత్రకళాశాలకు ప్రధానోపాధ్యాయుడు. తరవాత ఆ ఊళ్ళోనే సొంతంగా చిత్రకళ బడి పెట్టుకున్నాడు. బాత్ అంటే వేడినీటి ఊటలకు రోమనుల కాలంనుంచీ పేరుపడ్డ ఊరు. ఆయన భార్య బెస్సీ కూడా చిత్రకారిణే. అరచేతిలో పట్టేంత చిన్న చిన్న రూపచిత్రాలు గీసేది.

బడిలో మట్టితో పని ఎంత చికాకో పంతులమ్మలకు తెలుస్తుంది. పిల్లలు ఈ వారం సగం చేసిన బొమ్మ వచ్చేవారానికి రాయి అవుతుంది. తప్పు దిద్దుదామంటే వంగదు. పంతులు "ఈ చెవి కొంచెం పైకి జరుపు" అనడానికి వీల్లేదు, జరిపితే విరుగుతుంది. అన్నిటినీ తడిగుడ్డల్లో చుట్టి ఉంచాలి. గదంతా బురద. బరువు. ఎండిన మట్టి దుమ్ము. హార్బట్‌కు కావలసింది పిల్లవాడు తప్పు చేస్తే మళ్ళీ చెరిపి చేసుకోగలిగే మట్టి. పలక మీద రాసి తుడుచుకున్నట్టు అన్నమాట. చాలా ప్రయోగాలు చేసి 1897లో ఆ మట్టి సాధించాడు. 'ప్లాస్టిసిన్' అని పేరు పెట్టాడు. మొదట అది బూడిదరంగులో ఉండేది. తన విద్యార్థులకోసం చేసుకున్నాడు కాని, ఇంట్లో పిల్లలు దాన్ని వదిలితేనా! బడికోసం చేసిన వస్తువు ఆటవస్తువు కూడా అవుతుందని అప్పుడు తెలిసివచ్చింది. తరవాత రంగులు కలిపారు.

1899లో పేటెంటు వచ్చింది. 1900లో, బాత్ పక్కనే ఉన్న బాతాంప్టన్ అనే పల్లెలో, ఒక పాత పిండిమరలో ఫ్యాక్టరీ పెట్టారు. గోధుమలు ఆడించిన చోటే ఎండని మట్టి పిసకడం మొదలైంది. హార్బట్ దాన్ని దేశదేశాలకూ తీసుకెళ్ళి చూపించేవాడు. ఆ తిరుగుళ్ళలోనే 1921లో న్యూయార్కులో కన్నుమూశాడు. బాతాంప్టన్ ఫ్యాక్టరీ 1963లో నిప్పంటుకుని కాలిపోయింది. మళ్ళీ కట్టారు. 1983 దాకా అక్కడే ఆ మట్టి తయారైంది.

ఇంతకీ ఆ ముద్ద ఎందుకు ఎండదూ? మన అప్పడాల పిండిలో రహస్యమే. నీటి బదులు, గాలికి ఆవిరికాని జిడ్డు వెయ్యడం. మెత్తటి సుద్దపొడి, వ్యాసలిన్ అని మనం పిలిచే పెట్రోలియం జెల్లీ, కొవ్వొత్తుల్లో వాడే స్టియరిక్ ఆమ్లంవంటి గట్టి కొవ్వు పదార్థాలు ఇందులో ఉంటాయి. సుద్దపొడి రేణువుల మధ్య నీరు చేసే పని ఇక్కడ జెల్లీ చేస్తుంది. నీరు పోతుంది, జెల్లీ పోదు. కాబట్టి ముద్ద కుంచించుకోదు, బీటలివ్వదు.

మరైతే ఏ నూనెతోనైనా కలుపుకోవచ్చు కదా అంటారేమో. ఒకప్పుడు అలాగే చేసి చూసేవారు. కాని నూనెలన్నీ ఒక్కలాంటివి కావు. అవిసెనూనె గాలి తగిలితే తానే గట్టిపడిపోతుంది. తలుపులకు వేసే రంగుల్లో దాన్ని వాడేది అందుకే. వంటనూనెలు చాలామటుకు కొన్నాళ్ళకు మక్కి వాసన కొడతాయి. పెట్రోలియం జెల్లీకి ఈ రెండు అవగుణాలూ లేవు. దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1872లో. అంటే హార్బట్ ముత్తాత ఎంత తెలివైనవాడైనా, అది చేతికి దొరికే అవకాశమే లేదన్నమాట. ఒక్కొక్క వస్తువు పుట్టాలంటే దానికి ముందు ఇంకో వస్తువు పుట్టి ఉండాలి.

అయితే మన దేశంలో ఎండని ముద్ద ఇంతకు ముందు లేదా? ఉంది. అది మైనం. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే గ్రంథంలో, మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసి విగ్రహం చేసే పద్ధతి చెప్పాడు. మైనం ఒక్కటే అయితే పెళుసు. అందుకని తంజావూరు దగ్గర స్వామిమలై స్థపతులు తేనెమైనంలో గుగ్గిలం, కొంచెం నూనె వేసి కాస్తారు. గుగ్గిలం బిగువునిస్తుంది, నూనె మెత్తదనాన్నిస్తుంది. ఇటు మన ఆదిలాబాదు ప్రాంతంలో ఓజ కళాకారులు చేసే డోక్రా ఇత్తడి బొమ్మల మీద సన్నటి తీగెల అల్లిక చూశారా? అది ముందు మైనపు తీగెలతో చుట్టిందే. ఆ మైనం పని రోజుల తరబడి ఆపినా పాడవదు. తడిగుడ్డ అవసరం లేదు. కాని మైనం ఖరీదు, కరిగించాలి, చలికి బిర్రబిగుస్తుంది. శిల్పిగారి చేతికి సరిపోతుంది కాని, బడిలో నలభైమంది పిల్లలకు పంచిపెట్టే వస్తువు కాదు. హార్బట్ చేసింది ఏమిటంటే, శిల్పి చేతిలోని సౌకర్యాన్ని చవకగా పిల్లల చేతికి ఇచ్చాడు.

ఈ కథలో ఇంకో స్త్రీని తలుచుకోకపోతే తప్పు. హార్బట్ మట్టి గొప్పదే కాని, మరీ పసివాళ్ళ వేళ్ళకు గట్టి. నలిపి నలిపి వెచ్చబెడితే కాని లొంగదు. అమెరికాలో న్యూజెర్సీలో కే జుఫాల్ అని ఒకావిడ చిన్నపిల్లల బడి నడిపేది. ఆమెకూ ఇదే చికాకు వచ్చింది. సిన్సినాటిలో ఆమె బంధువులది గోడకాగితాల మీద బొగ్గుమసి తుడిచే ఒక రకం పిండిముద్ద తయారుచేసే కంపెనీ. బొగ్గు కుంపట్లు పోయి గ్యాసు వచ్చాక ఇళ్ళలో మసీ లేదు, ఆ ముద్ద కొనేవాళ్ళూ లేరు. కంపెనీ మూతపడేలా ఉంది. ఆ ముద్దతో అలంకారపు బొమ్మలు చెయ్యవచ్చని ఎక్కడో చదివి, జుఫాల్ దాన్ని తన బడిపిల్లలకు ఇచ్చి చూసింది. పిల్లలు ఎగబడ్డారు. "మీరు మసిగుడ్డ అమ్మడం మాని ఆటమట్టి అమ్ముకోండి" అన్నంత పనిచేసింది. వాళ్ళు ఏదో పొడుగాటి పేరు పెడదామనుకుంటే, ఆమే, భర్తా కలిసి 'ప్లే-డో' అని పెట్టించారు. 1956లో అది బజారుకి వచ్చింది. అది పిండీ ఉప్పూ నీళ్ళూ కలిసినది కాబట్టి మూత తీసి వదిలేస్తే ఎండుతుంది. మెత్తదనం కావాలంటే ఎండడాన్ని ఒప్పుకోవాలి, ఎండకూడదంటే కాస్త గట్టిదనాన్ని ఒప్పుకోవాలి. ఏదీ ఊరికే రాదు.

ఎండని మట్టి పిల్లల ఆటతోనే ఆగిపోలేదు. అమెరికాలో మోటారుకార్ల కంపెనీలవాళ్ళు 1920ల చివరినుంచీ కొత్త కారు ఎలా ఉండాలో ముందు మైనపు మట్టితో చేసి చూసుకోవడం మొదలుపెట్టారు. లాంగ్‌జంప్ పోటీల్లో ఆటగాడి బూటు గీత దాటిందా లేదా అని చూడడానికి చెక్క చివర ఈ మట్టే మెత్తి ఉంచేవారు. ఇక సినిమాలు! బాత్‌కు దగ్గరలోనే ఉన్న బ్రిస్టల్ నగరంలో ఆర్డ్‌మన్ అనే సంస్థవాళ్ళు 1977లో మార్ఫ్ అనే మట్టిమనిషిని టెలివిజన్‌లో నడిపించారు. 1989లో వాలెస్ అనే పెద్దాయన్నీ, గ్రోమిట్ అనే ఆయన కుక్కనీ తెర మీదికి తెచ్చారు. బొమ్మను కొంచెం కదిపి ఒక ఫొటో, మళ్ళీ కొంచెం కదిపి ఇంకో ఫొటో. ఒక్క సెకను సినిమాకి ఇరవైనాలుగు ఫొటోలు కావాలి. మామూలు మట్టయితే రెండో రోజుకే గ్రోమిట్ నుదురు బీటలిచ్చేది. ఈసారి మీ పిల్లలతో కూచుని ఆ సినిమా చూసినప్పుడు కాస్త పరకాయించి చూడండి, బొమ్మల మొహాల మీద మనుషుల వేలిముద్రలు కనపడతాయి.

మీలో ఓపిక ఉన్నవాళ్ళకు ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తాను. ఒక పాలు తేనెమైనం, రెండు పాళ్ళు పెట్రోలియం జెల్లీ తీసుకోండి. మైనాన్ని తురుముకుంటే త్వరగా కరుగుతుంది. ఈ రెండింటినీ ఒక పాత గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళున్న పెద్దగిన్నెలో పెట్టి కరిగించండి. గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకండి, మైనం అంటుకుంటుంది. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి. కరిగాక దించి, పొడిగా ఉన్న మెత్తటి సుద్దపొడిని జల్లించి, కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. గరిట తిరగనంత చిక్కబడ్డాక చల్లారనిచ్చి, గోరువెచ్చగా ఉండగా చపాతీపిండిలా మర్దించండి. చేతికి అంటుకుంటుంటే ఇంకాస్త పొడి. విరుగుతుంటే ఇంకాస్త జెల్లీ. మన వేసవికి మెత్తబడి జారుతుందనుకుంటే మైనం కొంచెం పెంచండి. రంగు కావాలంటే జాజు నూరి కలపండి, ఇటుకరంగు వస్తుంది. బియ్యప్పిండి మాత్రం వెయ్యకండి, పురుగు పడుతుంది. ఆ గిన్నె మళ్ళీ వంటకు వాడకండి. జిడ్డు అంటుతుంది కాబట్టి పిల్లలు పీట మీదో, పాత పళ్ళెంలోనో పెట్టుకుని ఆడుకోవాలి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకూడదు.

ఇంత చెప్పాక, మామూలు మట్టి ఇక ఎందుకూ అని మీరు అనుకోకూడదు. ఎండని మట్టిని కాల్చలేం, ఆవంలో పెడితే కరిగిపోతుంది. దానితో కుండ కాదు, ప్రమిద కాదు. చవితి వినాయకుడు అసలే కాదు. నీళ్ళలో కరగదు కాబట్టి నిమజ్జనానికి పనికిరాదు. ఆ దేవుడికి చెరువుమట్టే కావాలి, చెరువులోనే కలవాలి. కొండపల్లి బొమ్మలకు చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపి పూసే మక్కు చూడండి, అది ఎండి బిగిస్తేనే బొమ్మ నిలుస్తుంది. మళ్ళీ వడియాలూ అప్పడాలే! ఉంచుకోవలసిన బొమ్మకు ఎండే మట్టి, నేర్చుకోవలసిన చేతికి ఎండని మట్టి.

ఈ రెండోది నాకు ముఖ్యంగా తోస్తుంది. మన పిల్లలకు మనం ఇచ్చే పనుల్లో చాలామటుకు ఒక్కసారి తప్పు చేస్తే అయిపోయినట్టే. పరీక్ష కాగితం అంతే, ఇంకు మరక అంతే. "అలా చేశావేం, పాడైపోయింది చూడు" అని మనమే అనేస్తాం. తప్పు చేసినా పాడుకాని వస్తువు ఒకటి వాడి చేతిలో ఉంటే, వాడు ఇంకోసారి ప్రయత్నిస్తాడు. హార్బట్ మాస్టారు బడిలో కోరుకున్నది అదే కదా.

చివరికి మావాడి వినాయకుడు ఏమయ్యాడో చెప్పలేదు కదూ. ఆ రాత్రి భోజనాలయ్యాక నేనూ వాడూ కూచుని, ఎండిపోయిన మట్టిని చితక్కొట్టి నీళ్ళలో నానబోశాం. ఎండిన మట్టికి ఆ మంచి గుణం ఉంది. కాల్చనంతవరకూ మళ్ళీ నానుతుంది. మర్నాడు పొద్దున్నే పిసికి ఇద్దరం కొత్త బొమ్మ చేశాం. ఈసారి తొండాన్ని బొజ్జకు ఆనించి పెట్టాం, త్వరగా ఆరి ఊడిపోకుండా. మధ్యాహ్నం గుడ్డ తడపడం నేను మర్చిపోలేదు. ఆ గుడ్డ పిండుతున్నప్పుడల్లా నాకు ఇప్పుడు రోజ్ బ్యూరే గుర్తొస్తుంది, పారిస్ చలిలో వేళ్ళు కొంకర్లుపోతున్నా ఆ పని మానని మనిషి. శిల్పి పేరు అందరికీ తెలుసు. బొమ్మ నిలిచిందంటే అందులో ఆమె చేతి తడి కూడా ఉందని మనమైనా చెప్పుకుందాం.

ఈ ఆదివారం మీ పిల్లలకు ఏదో ఒక మట్టి ఇచ్చి చూడండి. ఎండేదైతే గుడ్డ తడపడం మర్చిపోకండి. మర్చిపోయినా బెంగపడకండి, మళ్ళీ నానబోయవచ్చు. సెలవు.